రెండో వరుసలో మూడో గొంతు

ఆ రోజు ఆ గదిలో మౌనం ఎంతసేపు సాగిందన్న విషయంలో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ధనలక్ష్మి అరగంట అంది. తలుపు బయట తన వంతు కోసం నిలబడ్డ దేవి అయిదు నిమిషాలంది. సంగీతం టీచరు సూర్యకాంతమ్మ గారు మాత్రం దాచిపెట్టుకున్న పరీక్ష పట్టిక తీసి, ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్ళి ఎప్పుడు బయటికి వచ్చారో చూసి, పాడిన కాసేపూ తీసేసి, పదకొండు నిమిషాలని తేల్చారు. 1998 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన సాయంకాలపు సంగీత డిప్లొమా మొదటి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష అది. కాగితం మీద ఉన్నది కనుక పదకొండు నిమిషాలనే రాస్తున్నాను.

ధనలక్ష్మికి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. జంపఖానా మీద కూర్చుంది. పక్కన తంబురా మోగుతోంది. ఎదురుగా కుర్చీలో, బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు మార్కుల కాగితం ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఆయనకు ఆ రోజు జలుబు చేసింది.

"మీకు వచ్చిన కీర్తన ఏదైనా పాడండమ్మా," అన్నారు.

ఆమె తల ఊపింది. పాడలేదు. భయపడుతోందనుకుని ఆయన మంచినీళ్ళు తెప్పించారు. తాగి, గ్లాసు పక్కన పెట్టి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, మళ్ళీ ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది. భయం కనిపించలేదు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్న మనిషిలా ఉందని ఆయన తరవాత సూర్యకాంతమ్మ గారితో అన్నారట.

చివరికి ఆయనే జాలిపడి, పాఠ్యప్రణాళికలో ఉన్న ఒక కీర్తన పల్లవి మొదటి వరుసను సన్నగా ఎత్తారు. మధ్యలో గొంతు పట్టేస్తే ఒకసారి సవరించుకున్నారు. వరుస పూర్తయింది. ధనలక్ష్మి ముఖం వికసించింది. అదే వరుసను అందుకుంది. శ్రుతి వెంట్రుకవాసి కూడా చెదరలేదు. ఆయన గొంతు సవరించుకోవడానికి ఎంత ఖాళీ వదిలారో సరిగ్గా అంతే ఖాళీ ఆమె కూడా వదిలింది. వరుస ముగించి, ఇక మీదే ఆలస్యం అన్నట్టు మర్యాదగా ఆయన వైపు చూసింది.

ఆయన రెండో వరుస పాడారు. ఆమె అందుకుంది. అనుపల్లవి పాడారు. అందుకుంది. చరణంలోకి రాగానే ఆయన ఆగి, కలం కింద పెట్టారు.

"అమ్మా, ఈ పరీక్ష మీదా, నాదా?"

నూటికి తొమ్మిది మార్కులు వచ్చాయి. రాతపరీక్షలో మాత్రం డెబ్బై ఒకటి.

ఇలాంటిది ఎలా జరుగుతుందో తెలియాలంటే ఆమె పాట నేర్చుకున్న చోటికి వెళ్ళాలి. ధనలక్ష్మి పుట్టింది పద్మనాభం మండలంలోని ఒక చిన్న ఊళ్ళో. తండ్రి సన్యాసిరాజు వరి రైతు. శనివారం సాయంత్రాలు రామకోవెలలో భజనకు పాట ఎత్తేది ఆయనే. ఆయన ఒక వరుస పాడతాడు. వెనక కూర్చున్న పదిమందీ ఆ వరుసనే తిరిగి పాడతారు. ఆ తిరిగి పాడడాన్ని వంత అంటారు. పాట ఎత్తిన మనిషి ఊపిరి తీసుకునేది వంత సాగుతున్నప్పుడే. ధనలక్ష్మి తన ఆరో ఏట తాళాలు పట్టుకుని ఆ వంతలో కూర్చుంది. పెళ్ళయి గాజువాకకు వచ్చేశాక కూడా నెలకు రెండు శనివారాలైనా బస్సులు మారి వెళ్ళి తండ్రి వెనక కూర్చునేది. అలా ఇరవై రెండేళ్ళు ఆమె వందలకొద్దీ పాటలు పాడింది. వాటిలో ఒక్కదాన్నీ ఆమె మొదలుపెట్టలేదు.

ఆమె భర్త గుణశేఖర్ ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసేవాడు. అక్కడికి రెండు వీధుల అవతల ఒక చిన్న కార్ఖానాలో ఆమెకు పని. మరలు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో ఒక్కొక్కటే బిగించి చూసి డబ్బాల్లో సర్దాలి. 1997 జూన్‌లో, ఆ మరలు చుట్టడానికి తెచ్చిన పేపర్లలో ఒక దాని మీద ఆమెకు ప్రకటన కనిపించింది. పదో తరగతి చాలు, వయోపరిమితి లేదు, తరగతులు సాయంత్రం అయిదున్నర నుంచి. పేపరు ఆ వారానిదే. గడువు ఇంకా నాలుగు రోజులుంది.

"రోజూ పాడతనే ఉన్నావు కదే. దానికి మళ్ళీ సదువేటి?" అన్నాడు గుణశేఖర్.

"నాకొచ్చినవి భజన పాటలే. ఇంకా ఏటేటున్నాయో తెలుసుకోవద్దేటి?"

"తెలుసుకుని?"

"తెలుసుకుని పాడతాను."

మర్నాడు సగం పూట సెలవు పెట్టి వెళ్ళి దరఖాస్తు తెచ్చింది గుణశేఖరే. ఆ సంగతి ఆమె నాకు రెండుసార్లు చెప్పింది.

ప్రవేశపరీక్షలో సూర్యకాంతమ్మ గారు ఒక్కో వరుస పాడి అభ్యర్థుల చేత పాడించారు. ఒక్కసారి విన్నది విన్నట్టు తిరిగి ఇచ్చిన మనిషి ఆ రోజు ధనలక్ష్మి ఒక్కతే. తరగతిలోనూ పద్ధతి అదే. గురువు పాడతారు, శిష్యులు అనుసరిస్తారు. మన సంగీతం తరతరాలుగా సాగుతున్నదే ఆ దారిలో కనుక ఆమె లోపం బయటపడే అవకాశమే లేకపోయింది. పది నెలలూ ఆమె తరగతిలో అందరికంటే మంచి విద్యార్థిని. "నాది పొరపాటే. ఆ పిల్ల చేత ఒక్కసారైనా మొదలుపెట్టించి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు," అన్నారు సూర్యకాంతమ్మ గారు.

తరగతితో పాటు ఒక గాయక బృందం ఉండేది. స్నాతకోత్సవంలో ప్రార్థనకూ, యువజనోత్సవాలకూ, ఊళ్ళో జరిగే సభలకూ ఆ బృందమే పాడేది. మొత్తం తొమ్మిది మంది. మొదటి వరుసలో నలుగురు పాట ఎత్తుతారు. రెండో వరుసలో అయిదుగురు అందుకుంటారు. సాధన గురువారం. ధనలక్ష్మి నాలుగింటికి కార్ఖానా నుంచి బయటపడి, ఇంటికి వెళ్ళకుండా చేతులకంటిన గ్రీజు అక్కడే సబ్బుతో కడుక్కుని, విశ్వవిద్యాలయం వైపు, మద్దిలపాలెం వెళ్ళే బస్సు ఎక్కేది. ఎన్ఏడీ కూడలి రద్దీలో బస్సు ఎంత ఆగినా ఆమెకు విసుగు లేదు. పెదవులు కదలకుండా లోపల పాట తిప్పుకుంటూ కూర్చునేది.

దేవి ఆ బృందంలోనే పరిచయమైంది. పెద జాలరిపేటలో చేపలు పట్టే కుటుంబం. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. ఆమె గొంతు ఎత్తితే మిగిలిన ఎనిమిది గొంతులూ వినిపించేవి కావు.

"మా యమ్మ సేపలమ్మే గొంతు నాకొచ్చీసినాదక్కా. నానేటి సేతును?" అని మొదటి వారమే మొరపెట్టుకుంది.

"నా పక్కన నిలబడు," అంది ధనలక్ష్మి. అంతకుమించి ఏ సలహా ఇవ్వలేదు. పక్కన నిలబడ్డాక తన గొంతు దానంతట అదే సర్దుకునేదని దేవి చెప్పింది. "ఆ యక్క గొంతు గోడ లాంటిది. ఆనుకుంటే సాలు."

ఆ ఏడు డిసెంబరులో సముద్రపు ఒడ్డున జరిగిన ఒక సభలో, పాట మధ్యలో జనరేటరు ఆగిపోయింది. మైకులు మూగబోయాయి. అలల హోరు ఒక్కసారిగా మీదికి వచ్చింది. మొదటి వరుస నలుగురూ దాన్ని దాటాలని గొంతులు పెంచారు. శ్రుతి పైకి జారిపోయింది. ధనలక్ష్మి ఎక్కడుందో అక్కడే ఉండి పాడుతూ పోయింది. ముందు దేవి, తరవాత రెండో వరుస, చివరికి మొదటి వరుస కూడా ఒక్కొక్కరే వచ్చి ఆ శ్రుతిలో చేరారు. మళ్ళీ కరెంటు వచ్చేటప్పటికి పాట చెక్కుచెదరకుండా ఉంది. తరవాతి గురువారం సూర్యకాంతమ్మ గారు ధనలక్ష్మిని వరుస చివరి నుంచి తీసి, నడుమ, మూడో స్థానంలో నిలబెట్టారు.

డిప్లొమా వల్ల ఉద్యోగం వస్తుందన్న ఆశ ఆమెకు లేదు. కచేరీలు చేయాలన్న కోరికా లేదు. కావలసింది గురువారం. ఆ గురువారమే ఇప్పుడు చేయి దాటిపోయేలా ఉంది. బృందంలో పాడాలంటే విద్యార్థుల జాబితాలో పేరు ఉండాలి. ప్రాక్టికల్ తప్పిన వారికి నవంబరులో ఒకే ఒక్క అవకాశం. అదీ తప్పితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అందరూ తమకు తోచిన వైద్యం చేశారు. సూర్యకాంతమ్మ గారు ఎదురుగా కూర్చుని వేళ్ళు మడిచి లెక్క చూపారు. నాలుగో వేలికి పాడాలి. ధనలక్ష్మి నాలుగో వేలిని శ్రద్ధగా చూసి ఊరుకునేది. ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుని చూశారు. గదిలోంచి వెళ్ళిపోయి చూశారు. తిరిగి వచ్చేసరికి ధనలక్ష్మి కిటికీ తలుపులు తుడుస్తోంది. గుణశేఖర్ తోటి పనివాడి దగ్గర టేప్‌రికార్డరు అడిగి తెచ్చాడు. ఆమె తన గొంతుతో మొదటి వరుసలు నింపుకుంటే, తరవాత అవి వింటూ అందుకోవచ్చునని అతని ఉపాయం. అవి నింపాలంటే ముందు ఎత్తాలన్న సంగతి ఇద్దరికీ మీట నొక్కాక గాని తట్టలేదు. ఆ కేసెట్ నేను విన్నాను. మొదట చాలాసేపు ఫ్యాను చప్పుడు ఉంటుంది. తరవాత గుణశేఖర్ గొంతు, "ఊఁ, కానీ" అంటుంది. తరవాత మళ్ళీ ఫ్యాను.

చివరికి అతనే రంగంలోకి దిగి, వంటింట్లో ఆమె కూర తరుగుతుంటే తనకు గుర్తున్నట్టు పల్లవి ఎత్తాడు. ఆమె అందుకుంది. మర్నాడు తరగతిలో అందరితో కలిసి ఆమె పాడింది విని సూర్యకాంతమ్మ గారు చెయ్యి పైకెత్తి ఆపారు.

"ఇదెవరి పాఠం తల్లీ?"

"మా ఆయనదండీ."

"ఆయన్ని లేత్ మిషను దగ్గరే ఉండమను."

చిన్నతనంలో తొందరపడి ముందుగా నోరెత్తితే ఎవరైనా నలుగురిలో కోప్పడ్డారా అని నేను ఆమెను అడిగాను. అవుననే జవాబు వస్తుందనుకున్నాను. ఆమె నవ్వింది.

"ఎవులూ ఏటీ అన్లేదమ్మా. పాట ఎత్తితే అందుకునేవోలుండాల కదా. ఎవులూ లేనికాడ ఎత్తీసి ఏటి సేత్తాను? బస్సు ఎల్లిపోయాక సెయ్యెత్తినట్టుంటాది."

సెప్టెంబరు చివరి శనివారం దేవి కూడా ఆమెతో పాటు పద్మనాభం వైపు బస్సెక్కింది. భజన చూడాలని సరదా. వాళ్ళు వెళ్ళేసరికి సన్యాసిరాజు అరుగు మీద కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు. కూతురి పరీక్ష సంగతి అంతా విని, పేనడం ఆపాడు.

"ఒక్కలే పాడాలా? పక్కన ఇంకెవులూ ఉండరా?"

"ఉండరు నానా. తంబురా ఉంటాది."

"తంబురా మనిసేటే? ఒక్కలే పాడితే అది పాటెలాగవుద్ది? సేలో పిట్టల్ని తోలినట్టుంటాది."

దేవికి అల్లరి పుట్టింది. "అయితే తాతా, నువ్వొక్కడివీ పాడీగలవేటి?"

"నాను పాడలేనా? ముప్పయ్యేళ్ళ బట్టి ఈ ఊళ్ళో పాట ఎత్తతన్నది ఎవులనుకున్నావు?"

"ఎత్తడం కాదు. ఆకర్దాకా పాడు సూద్దాం. అక్కా నానూ నోరిప్పం."

సన్యాసిరాజు తాడు పక్కన పెట్టి, మెడ నిలిపి, ఒక వరుస ఎత్తాడు. వీధి చివరిదాకా వినిపించే గొంతు. వరుస పూర్తయింది. ఆగాడు. ఇద్దరి వైపూ చూశాడు.

"ఊఁ?" అన్నాడు.

"ఊఁ ఏటి? రెండోది పాడు," అంది దేవి.

"వంత రాకండా రెండోదెలాగొత్తాది?"

"నాకేటి తెల్దు. పాడీగలనన్నావు కదా."

ఆయన మళ్ళీ మొదటి వరుస ఎత్తాడు. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగిపోయాడు. మూడోసారి పట్టుదలగా దాటబోతే, రెండో వరుసకు బదులు వేరే పాటలోని వరుసేదో నోట్లోకి వచ్చింది. తాడు విసిరి కొట్టాడు. "మీరు నోర్మూసుకు కూకుంటే నా నోరూ మూసుకుపోతంది! ఇదేటి పరీచ్చే, పాడు పరీచ్చ!"

దేవి పొట్ట పట్టుకుని నవ్వింది. ధనలక్ష్మి నవ్వలేదు. తన తండ్రికి పాట మొత్తం ఒక్కడే పాడడం వచ్చనీ, తమ వంత ఆయన పాటకు అలంకారం మాత్రమేననీ ఆమె అప్పటిదాకా నమ్మింది. ఇరవై రెండేళ్ళు ఆమె చూసింది ఆయన వీపునే. ఎదురుగా కూర్చుని, వరుస చివర ఆయన కళ్ళు ఎలా వెతుక్కుంటాయో చూడడం అదే మొదటిసారి.

"నానా," అంది. "నువ్వు ఎనకాల కూకుంటావేటి? నాను ముందు కూకుంటాను."

"నాను వంతా? నీకా? రామకోవెల్లో అందరూ సూత్తుండగానా?" ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. "నా తల ఎక్కడెట్టుకోను?"

"రామకోవెల్లో కాదులే. ఎవులూ లేనికాడ."

ఆయన విసిరిన తాడు తెచ్చుకుని మళ్ళీ పేనసాగాడు. "పసులసాల్లో అయితే కూకుంటాను."

"గేదెలు సూత్తాయి కదా తాతా," అంది దేవి.

"గేదెలు ఎవులికీ సెప్పవు."

మర్నాడు ఉదయం పాలు పితకడం అయ్యాక తండ్రీ కూతుళ్ళు పశువులశాలలో గోనెపట్టాల మీద కూర్చున్నారు. ఆమె ముందు, ఆయన వెనక. ఆమె ఎత్తలేదు. ఆయన అందుకోవడానికి ఏమీ లేదు. కాసేపటికి ఉండబట్టలేక ఆయనే ఎత్తేశాడు. ఆమె అందుకుంది. పాట మొత్తం తలకిందులుగా, వెనక నుంచి ముందుకు సాగి ముగిసింది. తరవాతి ఆదివారమూ అదే జరిగింది. నవంబరుకు నాలుగు వారాలుంది.

మూడో ఆదివారం సన్యాసిరాజు తాళాలు తెచ్చుకున్నాడు. నోరు కట్టేసుకున్నప్పుడు కనీసం చేతులకైనా పని ఉండాలన్నది ఆయన వాదన. వాళ్ళ భజనలో ఒక ఆచారం ఉంది. అందరూ వచ్చి కూర్చున్నాక వంతలోంచి ఒకరు తాళాలు మూడుసార్లు కొడతారు. మేం కుదురుకున్నాం, ఇక ఎత్తండి అని పాట ఎత్తేవాడికి అది కబురు. ఆరేళ్ళ వయసు నుంచీ ఆ మూడు దెబ్బలూ కొట్టింది ధనలక్ష్మి. ఆమె కొట్టాక సన్యాసిరాజు ఏనాడూ ఆలస్యం చేయలేదు. ఆ ఉదయం ఆయన వెనక కూర్చుని, ఎదురుచూసి విసిగి, వంతవాడి హక్కుగా మూడు దెబ్బలు కొట్టాడు.

ధనలక్ష్మి ఎత్తింది.

ఆ క్షణంలో ఏమనిపించిందని అడిగాను. ధైర్యం గురించి ఆమె ఏమీ చెప్పలేదు. "ఎనకాల మనుసులు కుదురుగా కూకుని కబురెడితే, ఎత్తకండా ఉంటే బాగుంటాదేటమ్మా?" అంది. ఆమెకు అది మర్యాద విషయం.

విద్యార్థులు తమ లయ సహకారాన్ని తామే తెచ్చుకోవచ్చునని పరీక్ష నియమాల్లో ఉంది. మృదంగాన్ని ఉద్దేశించిన నియమమే అయినా, తాళాలు కూడదని ఎక్కడా లేదు. సూర్యకాంతమ్మ గారు దాన్ని చదివి, మళ్ళీ చదివి, అర్జీలో సన్యాసిరాజు పేరు రాశారు. పరీక్ష రోజు ఆయన ఇస్త్రీ పంచె, కొత్త తువ్వాలుతో వచ్చాడు. గుమ్మం దగ్గర ఆవిడ ఆయన్ని ఆపారు.

"ఒక్క మాట. మీరు నోరు తెరవకూడదు. తెరిస్తే అమ్మాయి పరీక్ష పోతుంది."

"తెరవనమ్మా. తువ్వాలు కొరుక్కుని కూకుంటాను."

పరీక్షకుడు మళ్ళీ ఆయనే. ఆమెను గుర్తుపట్టారు. "ఈసారైనా నన్ను విననిస్తారా అమ్మా?" అన్నారు. ఎగతాళి కాదు. అలిసిపోయిన మంచితనం. వెనక నుంచి తాళాలు మూడుసార్లు మోగాయి. ధనలక్ష్మి పల్లవి ఎత్తింది.

మొదటి వరుస పూర్తయింది. పశువులశాలలో అయితే ఈ చోట తండ్రి అందుకునేవాడు. ఇక్కడ ఆయన అందుకోడని ఆమెకు తెలుసు. అందుకుంటే గురువారం పోతుందనీ తెలుసు. అయినా ఆమె ఆగింది. వంతకు చోటు వదలకుండా రెండో వరుసలోకి వెళ్ళడం ఆమెకు చేతకాదు. తాళం ఒక ఆవర్తం తిరిగింది. సన్యాసిరాజు తువ్వాలును ఇంకా గట్టిగా కొరికాడు. పరీక్షకుడి కలం కాగితానికి అంగుళం ఎత్తున ఆగింది.

అప్పుడు ఆమె తన వరుసను తానే అందుకుంది. ఎత్తినప్పటి గొంతు కాదు. దానికన్నా ఒక పాలు మెత్తగా, వెనక వరుస నుంచి వచ్చినట్టు. ఆ తరవాత రెండో వరుస ఎత్తింది. దాన్నీ అందుకుంది. అలా అనుపల్లవి దాటింది. మన కీర్తనల్లో వరుసను రెండోసారి పాడడం వింతేమీ కాదు కనుక పరీక్షకుడికి అభ్యంతరం కనిపించలేదు. ఒక్క మనిషి ఇద్దరు మనుషులుగా పాడుతోందన్నది గుమ్మం దగ్గర వింటున్న సూర్యకాంతమ్మ గారికే అర్థమైంది.

చరణం రెండో వరుస దగ్గర తువ్వాలు జారిపోయింది. ముప్పై ఏళ్ళు రామకోవెలను నింపిన గొంతు ఆ చిన్న గదిలో వరుసను అందుకుంది. మూడు మాటలయ్యాక గాని ఆయనకు తెలియలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పరీక్షకుడు తలెత్తారు. "పెద్దాయనా, మీ పేరు కూడా రాసుకోమంటారా?"

"సమించాలి బాబూ. తువ్వాలు జారిపోనాది."

"మీరు కాస్త బయట కూర్చోండి. అమ్మా, ఇంకో కీర్తన పాడండి. ఈసారి మీరొక్కరే."

సన్యాసిరాజు తాళాలు జంపఖానా మీద పెట్టి, కూతురి ముఖం చూడకుండా బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది. బయట దేవి ఆయన రెక్క పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. "నోరిప్పావంటే సూడు తాతా, నాను ఊరుకోను." ఆయన తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. లోపల తంబురా తప్ప ఏమీ వినిపించడం లేదు. ఏప్రిల్‌లో ఇదే చోట నిలబడి విన్న నిశ్శబ్దాన్ని దేవి గుర్తుపట్టింది.

లోపల ధనలక్ష్మి ఎదురుగా ఉన్న పరీక్షకుణ్ణి చూసింది. ఆయన ఈసారి ఆమెకు వరుస అందించేలా లేరు. పక్కకు తిరిగి, తండ్రి వదిలి వెళ్ళిన తాళాలు తీసుకుంది. మూడుసార్లు కొట్టింది. వాటిని ఒళ్ళో పెట్టుకుంది. పాట ఎత్తింది.

ఈ కీర్తన ముగిసేదాకా ఆయన మళ్ళీ తలెత్తలేదు. నూటికి నలభై ఆరు. నలభై వస్తే చాలు. కాగితం చివర, "శ్రుతి, లయ చాలా బాగున్నాయి. మొదలుపెట్టడానికి సమయం తీసుకుంటుంది," అని రాశారు. ఆ కాగితం నకలును ధనలక్ష్మి రేషను కార్డుతో పాటు దాచుకుంది.

ఫలితాలు వచ్చాక వచ్చిన గురువారం ఆమె ఎప్పటిలా చేతులు కడుక్కుని బస్సెక్కింది. సాధన గదిలో మొదటి వరుసలో ఒక చోటు ఖాళీ ఉంది. అక్కడి అమ్మాయి చదువు పూర్తయి వెళ్ళిపోయింది. సూర్యకాంతమ్మ గారు ధనలక్ష్మిని పిలిచారు.

"ఇక ముందుకు రా. ఎత్తడం నీకు వచ్చేసింది కదా."

"వొద్దమ్మా. నా సోటు నాకుంచండి."

"ఎందుకే?" దేవి ఊరుకోలేకపోయింది. "పసులసాల్లో అంతలాగ కట్టపడ్డావు. ఇప్పుడు ముందుకెళ్ళమంటే ఎల్లవేటి? ఆ గేదెలకేటి సమాధానం సెప్తావు?"

"నాను కట్టపడ్డది ఇక్కడ నిలబడ్డానికే కదే," అంది ధనలక్ష్మి. "నువ్వెల్లు ముందుకి. నీ గొంతు ఇప్పుడు బానే ఉన్నాది."

దేవి సూర్యకాంతమ్మ గారి వైపు చూసింది. ఆవిడ తల ఊపారు. దేవి కొంగు దోపుకుని, బెరుకుగా మొదటి వరుసలోకి వెళ్ళి, వెనక్కి తిరిగి ఒకసారి చూసుకుని, గొంతు సవరించుకుంది. రెండో వరుస సర్దుకుంది. మిగిలిన నలుగురిలో ధనలక్ష్మి తన మూడో స్థానంలోనే నిలబడింది. దేవి పాట ఎత్తింది. వరుస పూర్తయ్యేదాకా ఆగి, ధనలక్ష్మి అందుకుంది.